మేమంటే ఎవరు? మనమంటే ఎవరు? (ఒక ఫుట్‌బాల్ బ్యానర్‌పై విమర్శ)

1

మైదానంలో కట్టిన గుడ్డ మీది ఒక వాక్యాన్ని సాహిత్య విమర్శకు ఎత్తుకోవడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. గోడమీది నినాదాన్ని, ఊరేగింపులో పాటను, వీధి నాటకాన్ని సాహిత్యంగా గుర్తింపజేయడానికి మనం పండితులతో చాలాకాలం పోట్లాడవలసి వచ్చింది. ఆ పోట్లాట చేసినవాళ్ళం ఇప్పుడు మరో దేశంలో జనం రాసుకున్న వాక్యాన్ని చూసి, "ఇది ఆటల పేజీ వాళ్ళ వ్యవహారం" అని తప్పుకోవడం సబబు కాదు. పైగా ఆ వాక్యానికీ మన కరీంనగర్, జగిత్యాల పల్లెలకూ సంబంధం ఉంది. అదేమిటో ముందు ముందు చూద్దాం.

2021 నవంబర్ 6న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో బయెర్న్ మ్యూనిక్ జట్టు ఫ్రైబుర్గ్ జట్టుతో ఆడింది. ఆనాడు మైదానం దక్షిణపు స్టాండులో బయెర్న్ అభిమానులే ఒక పెద్ద బ్యానర్ పైకెత్తారు. దాని మీద క్లబ్బు అధ్యక్షుడు హెర్బర్ట్ హైనర్, ముఖ్య కార్యనిర్వహణాధికారి ఆలివర్ కాన్‌ల బొమ్మలు. పక్కన బట్టలుతికే యంత్రం. నెత్తురంటిన బట్టలు. డబ్బు. కింద ఒక్క వాక్యం. తెలుగులో చెప్పుకుంటే, "డబ్బిస్తే మేము ఏదైనా తెల్లగా ఉతికి పెడతాం" అని దాని అర్థం.

ఆ డబ్బు ఖతార్ ప్రభుత్వానిది. 2010లో ఖతార్‌కు 2022 ప్రపంచ కప్పు నిర్వహణ దక్కింది. 2011 నుంచి బయెర్న్ జట్టు చలికాలపు శిక్షణకు దోహా వెళ్తూ వచ్చింది. 2016లో దోహా విమానాశ్రయం, 2018లో ఖతార్ ఎయిర్‌వేస్ ఈ క్లబ్బుకు స్పాన్సర్లయ్యాయి. ఆటగాళ్ళ చొక్కా చేతి మీదికి విమానసంస్థ పేరు ఎక్కింది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఆ ఎడారి దేశంలో స్టేడియాలు, హోటళ్ళు, రోడ్లు, మెట్రో కట్టడానికి మన దేశం నుంచీ, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకల నుంచీ లక్షలాది మంది కూలికి వెళ్ళారు. వాళ్ళు ఎట్లా బతికారు, ఎట్లా చచ్చిపోయారు అన్న వార్తలు యూరప్ పత్రికల్లో రావడం మొదలయ్యాక అభిమానులు తమ చొక్కా కేసి చూసుకున్నారు. బ్యానర్ పుట్టుక అది.

ఈ క్లబ్బు నిర్మాణం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఇది ఇంగ్లండ్ క్లబ్బుల్లాగా ఒక ధనికుడో ఒక రాజ్యమో కొనిపారేసిన ఆస్తి కాదు. ఫుట్‌బాల్ కంపెనీలో 75 శాతం వాటా సభ్యుల సంఘానిది. మిగిలిన 25 శాతాన్ని అడిడాస్, ఆడి, ఆలియాంజ్ కంపెనీలు సమానంగా పంచుకున్నాయి. కొన్ని మినహాయింపులు తప్ప, జర్మనీ క్లబ్బుల్లో ఓటు హక్కులో సగానికి పైగా సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న నియమం 1998 నుంచీ అమల్లో ఉంది. అంటే కాగితం మీద యజమానులు సభ్యులే. చొక్కా మీద ఎవరి పేరుండాలో నిర్ణయించే దగ్గరికి వచ్చేసరికి ఆ యాజమాన్యం ఎంతపాటిదో తేలిపోయింది. ఆస్తి హక్కుకూ అధికారానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంతకంటె తేటగా చూపించే ఉదాహరణ అరుదు.

2

ముందు శిల్పం సంగతి. డబ్బున్న రాజ్యాలూ కంపెనీలూ ఆటల ముసుగులో తమ మచ్చలు మాపుకోవడాన్ని "స్పోర్ట్స్ వాషింగ్" అనడం పత్రికలకు అలవాటైంది. మంచి మాటే. కాని అది ఒక భావనకు పెట్టిన పేరు మాత్రమే. వాడగా వాడగా అరిగిపోయి, విన్నవాడికి ఏమీ కనిపించని స్థితికి వచ్చింది. బ్యానర్ రాసినవాళ్ళు ఆ అరిగిన భావనను మళ్ళీ వస్తువుల్లోకి దించారు. యంత్రం, బట్ట, నెత్తురు, నోట్లు, తెలిసిన రెండు ముఖాలు. జర్మన్ భాషలో ఉతికి తెల్లగా చెయ్యడమంటే నింద నుంచి బయటపడెయ్యడమనే అర్థం కూడా ఉంది. మనం "కడిగిన ముత్యంలా బయటికొచ్చాడు" అంటామే, అట్లాగన్నమాట. ఆ నుడికారాన్ని బొమ్మగా మార్చడంతో దాని అసలు పని బయటపడింది. ప్రజా వ్యంగ్యం ఎప్పుడూ చేసే పని ఇదే. పెద్దల మాటను పట్టుకొని, దాన్ని అక్షరాలా తీసుకొని, దాని లోపలిగుడ్డ బయటికి లాగుతుంది.

ఇంకొక విశేషం. బట్టలుతకడం లోకంలో శ్రమజీవుల పని. ఇక్కడ పెద్దమనుషులు ఉతుకుతున్నారు, అదీ కూలి పుచ్చుకొని. యజమానుల్ని కూలివాళ్ళుగా చూపించడంలో ఉన్న చమత్కారం పైపై హాస్యం కాదు. ఎంత పెద్ద క్లబ్బు పాలకవర్గమైనా పెట్టుబడి ముందు జీతగాడేనని, అతడు చేసే చాకిరీ మాత్రం దొంగ చాకిరీ అని ఈ బొమ్మ చెప్తుంది. హైనర్ ఈ పదవికి రాకముందు అడిడాస్ కంపెనీకి అధిపతిగా చాలా ఏళ్ళు పనిచేసినవాడు. ఆ సంగతి తెలిసిన మ్యూనిక్ ప్రేక్షకుడికి ఈ చమత్కారం ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

కాని ఈ వాక్యంలో అన్నిటికంటె ముఖ్యమైనది సర్వనామం. "మేము ఉతికి పెడతాం" అంటున్నదెవరు? బొమ్మలో ఉన్న పెద్దలు. రాసింది మాత్రం అభిమానులు. పెద్దల నోట పెట్టి అభిమానులు పలికించిన "మేము" ఇది.

ఈ "మేము"కి వెనక ఒక చరిత్ర ఉంది. బయెర్న్ క్లబ్బు నినాదం బవేరియా మాండలికంలో మూడు చిన్న మాటలు. తెలుగులో "మేమంటే మేమే" అనవచ్చు. దాన్ని చొక్కా మెడపట్టీ మీద కూడా అచ్చువేస్తారు. అమ్మకపు సరుకుల మీద వేస్తారు. ఆ నినాదంలో అభిమానీ, ఆటగాడూ, అధ్యక్షుడూ, స్పాన్సరూ అందరూ ఒకే "మేము"లో కలిసిపోతారు. వర్గాలను మాటున పెట్టడానికి ఇంతకంటె పొట్టి సాధనం లేదు. బ్యానర్ చేసిన గొప్ప పని ఈ "మేము"ను నిలువునా చీల్చడం. ఉతికే "మేము" వేరు, చూసి అసహ్యించుకునే "మేము" వేరు అని అది చెప్పింది.

3

ఆ చీలిక ఆ నెల 25న సర్వసభ్య సమావేశంలో నోటిమాటగా బయటపడింది. ఖతార్ ఎయిర్‌వేస్ ఒప్పందం గడువు తీరాక పొడిగించరాదని ఒక సభ్యుడు తీర్మానం పంపాడు. అటువంటి వ్యాపార విషయాలు సభ్యుల అధికార పరిధిలోకి రావని పాలకవర్గం దాన్ని చర్చకే రానివ్వలేదు. ఆ సభ్యుడు కోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది. సమావేశంలో అప్పటికప్పుడు తీర్మానం పెట్టబోతే అదీ కుదరదన్నారు. అర్ధరాత్రి దాటాక, ఇంకా మాట్లాడవలసినవాళ్ళు వరసలో ఉండగానే, అధ్యక్షుడు సభ ముగించేశాడు. "బయెర్న్ మేము, మీరు కాదు" అని సభ్యులు కేకలు వేశారు. క్లబ్బుకు దశాబ్దాలపాటు పెద్దదిక్కుగా ఉన్న ఊలీ హోనెస్, తాను చూసిన క్లబ్బు సభల్లోకెల్లా ఇదే అధ్వాన్నమైనదని అన్నాడు. సభ్యులు నోరు తెరిచిన సభ పెద్దలకు అధ్వాన్నంగా కనిపించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

పాలకవర్గపు భాషను ఈ కేక పక్కన పెట్టి చూడండి. వాళ్ళు వాడిన ముఖ్యమైన మాటలు రెండు: "భాగస్వామ్యం", "సంభాషణ". డబ్బు తీసుకొని పేరు వేసుకోవడం భాగస్వామ్యం. దాన్ని ప్రశ్నిస్తే, దూరంగా ఉండి విమర్శించడం కంటె దగ్గరుండి సంభాషణ జరపడం వల్లనే మార్పు వస్తుందని జవాబు. వినడానికి ఇంపుగానే ఉంది. కాని ఎవరితో సంభాషణ? 2020 జనవరిలో "క్లబ్ నంబర్ 12" అనే అభిమానుల సంఘం మ్యూనిక్‌లో ఒక చర్చాసభ పెట్టింది. ఖతార్‌లో పనిచేసిన నేపాలీ కార్మికుల్ని పిలిపించి వాళ్ళ చేత మాట్లాడించింది. ఆ సభకు బయెర్న్ యాజమాన్యం ఒక ప్రతినిధిని కూడా పంపలేదు. దోహాలో అమీరుతో సంభాషణకు తీరిక దొరికినవాళ్ళకు సొంత ఊళ్ళో కూలివాడి మాట వినడానికి తీరిక లేకపోయింది. ఖతార్ అధికారుల్ని కూడా కూర్చోబెట్టి క్లబ్బు స్వయంగా చర్చ జరిపింది 2022 జూలైలో. అభిమానులు గొంతు చించుకున్న తర్వాత.

"ఆట వేరు, రాజకీయం వేరు" అన్న వాదన కూడా ఈ సందర్భంలో వినిపించింది. మన పాఠకులకు ఈ వాదన పాత చుట్టమే. సాహిత్యంలో దాని పేరు "కళ కళ కోసమే". రాజ్యం తన విమానసంస్థ పేరును చొక్కా మీద కుట్టించినప్పుడు అది రాజకీయం కాదు. ఆ కుట్టు విప్పమని అభిమాని అడిగితే మాత్రం అది రాజకీయం. ఈ న్యాయం ఎంత పెళుసైనదో షాల్కె క్లబ్బు ఉదంతం చూపించింది. గని కార్మికుల ఊరైన గెల్సెన్‌కిర్హెన్‌కు చెందిన ఆ జట్టు 2007 నుంచీ రష్యా గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ పేరు చొక్కా మీద మోసింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలవగానే ఆ పేరును రోజుల్లో పీకేశారు. అంటే ఆటలోకి రాజకీయం రాకూడదనేది సూత్రం కాదు. ఏ రాజకీయం రావాలో కిందివాళ్ళు నిర్ణయించకూడదనేదే సూత్రం.

మ్యూనిక్ అభిమానులకు ఈ చైతన్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. బయెర్న్ అధ్యక్షుడిగా పనిచేసిన కుర్ట్ లాండవర్ యూదుడు. నాజీలు అధికారంలోకి రాగానే 1933లో పదవి వదులుకోవలసి వచ్చింది. 1938లో డఖావ్ నిర్బంధ శిబిరం పాలయ్యాడు. తర్వాత స్విట్జర్లాండుకు వెళ్ళిపోయి, 1947లో తిరిగి వచ్చి మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. క్లబ్బు దాదాపు మరిచిపోయిన ఆ మనిషిని మళ్ళీ జనం ముందుకు తేవడంలో దక్షిణపు స్టాండు కుర్రాళ్ళ సంఘం "షికెరియా"ది పెద్ద చెయ్యి. 2006 నుంచి అతడి పేర పోటీలు నడిపారు. మైదానంలో అతడి బొమ్మ ఎత్తారు. చరిత్రను తవ్వి తీసిన చేతులే తర్వాత ఈ బ్యానర్ కుట్టాయి. ఫుట్‌బాల్ అభిమానులంటే తాగి అరిచే మంద అన్న పెద్దమనుషుల అభిప్రాయానికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

మన దేశంలోనూ అభిమానులు యాజమాన్యాల మీద తిరగబడ్డారు. 2020లో మోహన్ బగాన్ పేరు ముందు వ్యాపార జట్టు పేరు ఏటీకే తగిలించినప్పుడు కలకత్తా అభిమానులు మూడేళ్ళు పోరాడి 2023లో దాన్ని తీయించారు. అది తమ పేరు కోసం, తమ గౌరవం కోసం జరిగిన పోరాటం. దాన్ని తక్కువ చెయ్యనక్కరలేదు. కాని మ్యూనిక్ వాళ్ళు అడిగింది తమకు జరిగిన అవమానం గురించి కాదు. ముక్కూ మొగం తెలియని పరాయి మనుషుల చావు గురించి. ఆ తేడా గుణాత్మకమైనది.

4

ఇంతవరకూ మెచ్చుకున్నాం. ఇప్పుడు విమర్శ.

బ్యానర్‌ను మళ్ళీ చూడండి. అందులో పెద్దలున్నారు. డబ్బుంది. యంత్రముంది. నెత్తురుంది. ఆ నెత్తురెవరిదో ఆ మనిషి మాత్రం లేడు. అతడు బట్ట మీద మరకగా మిగిలాడు. మరకకు ముఖం ఉండదు, ఊరు ఉండదు, అప్పు ఉండదు, భాష అసలే ఉండదు.

ఆ మరకకు ఉన్న ఊళ్ళ పేర్లు మనకు తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల, నిర్మల్. ఏజెంటుకు వడ్డీకి తెచ్చి కట్టిన డబ్బు, దిగగానే లాక్కున్న పాస్‌పోర్టు, ఒప్పుకున్న జీతం ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ఇవి మన పల్లెల్లో ఇంటింటి కథలు. "కఫాలా" అనే పద్ధతిలో కార్మికుడి వీసా యజమాని చేతిలో ఉంటుంది. యజమాని ఒప్పుకోకపోతే మరో పనిలో చేరడానికి లేదు. 2020లో ఖతార్ ఈ నిబంధనను చట్టంలో సడలించింది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం పెట్టింది. ఆ చట్టాలు అమలు కావడం లేదన్న ఫిర్యాదులు ఆ తర్వాతా ఆగలేదు.

2021 ఫిబ్రవరిలో లండన్ పత్రిక గార్డియన్ ఒక లెక్క ప్రచురించింది. ఖతార్‌కు ప్రపంచ కప్పు దక్కిన తర్వాత పదేళ్ళలో అక్కడ అయిదు దక్షిణాసియా దేశాల వాళ్ళు 6,500 మందికి పైగా చనిపోయారు. అందులో భారతీయులు 2,711. ఇవన్నీ స్టేడియం పనుల్లో జరిగిన చావులు కావు. అన్ని పనుల్లో ఉన్నవాళ్ళవీ, అన్ని కారణాల వల్ల వచ్చినవీ కలిపిన లెక్క ఇది. మరోపక్క నిర్వాహకులు స్టేడియం కార్మికుల్లో ఒప్పుకున్న చావులు 37. వాటిలో "పనికి సంబంధించినవి" 3 మాత్రమేనట. మిగతావాటిని ఏమన్నారో విమర్శకులు గమనించాలి. పదుల వందల కాగితాల మీద రాసిన మాట "సహజ మరణం". చాలా సందర్భాల్లో శవపరీక్ష కూడా జరగలేదు. ముప్ఫై, నలభై ఏళ్ళ మనిషి ఎండలో పగలంతా పనిచేసి, రాత్రి గదిలో పడుకొని లేవకపోతే అది సహజం. చావుకు కారణాన్ని ప్రకృతి మీదికి నెట్టే ఈ రెండు మాటల కంటె పెద్ద చాకిరేవు ఎక్కడుంది? మ్యూనిక్ బ్యానర్ చొక్కాను ఉతికే చోటును పట్టుకుంది. చావును ఉతికే ఈ మాటను పట్టుకోలేదు.

తాజ్‌మహల్ గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్నను తెలుగు పాఠకులకు గుర్తు చెయ్యనక్కరలేదు. ఆ ప్రశ్న బలమంతా కూలివాణ్ణి వాక్యానికి కర్తగా నిలబెట్టడంలో ఉంది. మ్యూనిక్ వ్యంగ్యం అంతదూరం రాలేదు. దానిలో కర్తలు ఇంకా పెద్దలే. నిందించడానికైనా సరే, బొమ్మ వాళ్ళదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అసలు యూరప్ వాళ్ళకు అరబ్బుల తప్పులే కనిపిస్తాయి గదా అని. ఇందులో కొంత నిజం ఉంది. అదే చొక్కా రొమ్ము మీద అడిడాస్ గుర్తు కూడా ఉంది. ఆసియా ఫ్యాక్టరీల్లో చొక్కాలు కుట్టే ఆడకూలీల ఊసు ఈ బ్యానర్లో లేదు. 2020లో ఖతార్ డబ్బు తీసుకుంటున్న రోజుల్లోనే బయెర్న్ యూరప్ కప్పు గెలిచింది. ఆ గెలుపుకు గంతులేసినవాళ్ళలో బ్యానర్ పట్టినవాళ్ళూ ఉంటారు. కాని ఈ వైరుధ్యాన్ని చూపించి ఉద్యమాన్ని కొట్టిపారెయ్యడం యాజమాన్యానికి పనికొచ్చే వాదన. పూర్తిగా శుభ్రమైన చేతులవాడే నోరు విప్పాలంటే లోకంలో ఎవరూ నోరు విప్పలేరు. పైగా ఆ అభిమానులు నేపాలీ కార్మికుణ్ణి తమ ఊరికి పిలిచి, అతడి ముందు కూర్చొని విన్నారు. ఆ సభలో అతడు మరక కాదు, వక్త. నా దృష్టిలో బ్యానర్ కంటె ఆ సభే గొప్ప రచన. బొమ్మల్లో అందంగా కనిపించదు కనుక లోకానికి దాని గురించి తక్కువ తెలిసింది.

తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. జర్మన్‌లో ఒకే మాట ఉన్నచోట మనకు రెండున్నాయి. వినేవాణ్ణి బయట ఉంచేది "మేము", లోపలికి పిలిచేది "మనం". "బయెర్న్ మేము, మీరు కాదు" అన్న కేక పాలకవర్గాన్ని బయటికి నెట్టింది. అది అవసరం. కాని జగిత్యాల కూలివాణ్ణి లోపలికి పిలవడం ఆ కేక వల్ల కాదు. దానికి "మనం" కావాలి.

5

ఫలితం ఏమిటి? 2023 జూన్‌లో ఖతార్ ఎయిర్‌వేస్ ఒప్పందం ముగిసింది. పరస్పర అంగీకారంతో అన్నారు. అభిమానుల వల్ల అనలేదు. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టులో, రువాండా ప్రభుత్వ పర్యాటక ప్రచారంతో అయిదేళ్ళ ఒప్పందం వచ్చింది. 2025 జనవరి చివర రువాండా మద్దతుతో పోరాడుతున్న ఎం23 సాయుధులు కాంగోలో గోమా నగరాన్ని పట్టుకున్నారు. కాంగో విదేశాంగ మంత్రి బయెర్న్‌కు, ఆర్సెనల్‌కు, పారిస్ క్లబ్బుకు ఉత్తరాలు రాసింది. ఫిబ్రవరిలో దక్షిణపు స్టాండులో మళ్ళీ బ్యానర్ లేచింది. ఏమీ పట్టనట్టు చూస్తూ ఊరుకునేవాడు క్లబ్బు విలువలకు ద్రోహం చేస్తున్నాడని దాని భావం. ఆగస్టులో క్లబ్బు రువాండా ప్రచారాన్ని మానుకొని, ఒప్పందాన్ని పిల్లల ఫుట్‌బాల్ శిక్షణకు పరిమితం చేసింది. అదే వేసవిలో దుబాయి విమానసంస్థ ఎమిరేట్స్ కొత్త భాగస్వామిగా వచ్చింది.

పేరు మారింది, పద్ధతి మారలేదు. దీన్ని ఓటమి అనవచ్చా? పూర్తిగా అనలేం. రెండుసార్లు ఒక రాజ్యపు ప్రకటనను చొక్కా నుంచీ మైదానం నుంచీ తొలగించవలసి రావడం చిన్న విషయం కాదు. కాని ఒక్కో స్పాన్సర్ మీద ఒక్కో పోరాటం చేస్తే, ఒకణ్ణి పంపించేలోగా యాజమాన్యం ఇంకొకణ్ణి తెస్తుంది. 2021లో ఆ సభ్యుడు పెట్టబోయిన తీర్మానం వెనక ఉన్న అసలు ప్రశ్న, డబ్బు ఎవరి దగ్గర తీసుకోవాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్నది. ఆ ప్రశ్న తేలనంతకాలం ఉతికే యంత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ ప్రశ్న ఫుట్‌బాల్‌ది మాత్రమే కాదు, రచయితలది కూడా. 2016లో లండన్‌లో జరిగిన జైపూర్ సాహిత్యోత్సవానికి వేదాంత కంపెనీ స్పాన్సర్. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని 2013లో 12 గ్రామసభలు ఒక్కటొక్కటిగా తిరస్కరించాయే, ఆ తవ్వకం ఈ కంపెనీ శుద్ధి కర్మాగారం కోసమే. కొందరు రచయితలు, ఉద్యమకారులు బహిరంగ లేఖ రాసి ఉత్సవాన్ని బహిష్కరించమన్నారు. ఉత్సవం ఆగలేదు. కథలు చదివారు, కవితలు చదివారు, వెనక తెర మీద కంపెనీ పేరు ఉంది. చొక్కా చేతి మీది పేరుకూ, వేదిక వెనక తెర మీది పేరుకూ తేడా ఏమిటి?

మన సభలకు, అవార్డులకు, ప్రత్యేక సంచికలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకునే హక్కు సభ్యుడికీ పాఠకుడికీ ఉండాలి. ప్రతి రచయితల సంఘం, ప్రతి పత్రిక ఆ లెక్కను ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి. ఫలానా విరాళం వద్దని తీర్మానం పెట్టే హక్కు అతి మామూలు సభ్యుడికి కూడా ఉండేట్టు నిబంధనావళిలో రాసుకోవాలి. ఇది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. మ్యూనిక్‌లో ఒక సభ్యుడు అడిగి, దొరకక, అర్ధరాత్రి దాటాక ఇంటికి వెళ్ళిన విషయం. మన సంఘాల్లో ఆ మాత్రం ఏర్పాటు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.